బ్లూస్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: బాబీ బ్లాండ్ పాటలో జవాబు ఎవరిది?

గత రెండు పాఠాలలో 4 దెబ్బల లెక్క తప్పకుండా తాళం వేయడం, వాద్యాలను ఒక్కొక్కటిగా విడదీసి వినడం అభ్యసించాము. ఈసారి అమెరికా నల్లజాతీయుల సంగీతమైన బ్లూస్‌లోని 12 ఆవర్తాల (ఇక్కడ ఆవర్తమంటే తాళం మొత్తం కాదు, 4 దెబ్బల ముక్క) చట్రాన్ని చెవితో పట్టుకుని, అందులో గాయకుడు ఎక్కడ ఆగుతున్నాడో, ఆగిన చోటును నింపి ఎవరు జవాబిస్తున్నారో గుర్తించడం నేర్చుకుందాము. బ్లూస్ గాయకుడనగానే చేతిలో గిటార్ ఉన్న మనిషి మన కళ్ల ముందుకు వస్తాడు. 1930లో టెనెసీ రాష్ట్రంలో పుట్టి, మెంఫిస్‌లోని బీల్ వీధిలో పాడుతూ ఎదిగి, 2013లో కన్నుమూసిన బాబీ 'బ్లూ' బ్లాండ్ మాత్రం కేవలం గొంతునే నమ్ముకున్న గాయకుడు. అందుకే ఈ పాఠానికి ఆయన రికార్డులకు మించినవి నాకు కనిపించలేదు.

ముందుగా 1957లో హ్యూస్టన్‌కు చెందిన డ్యూక్ రికార్డుల సంస్థ విడుదల చేసిన 'ఫర్దర్ అప్ ద రోడ్' పెట్టుకోండి. ఆ ఏడాది అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పాటల ఆదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాట ఇది. ఒక్కొక్క ఆవర్తానికి 4 దెబ్బల చొప్పున 12 ఆవర్తాలకు 48 దెబ్బలు, అంటే 8 దెబ్బల మన ఆది తాళం 6 సార్లు. పాట మాటలు సమానికి (తాళం మొదటి దెబ్బకు) కాస్త ముందే ఎత్తుకోవచ్చు కనుక, లెక్కను గొంతుతో కాక బేస్ (మంద్ర స్వరాల వాద్యం), డ్రమ్ములు కలిసి పడే దెబ్బతో మొదలుపెట్టండి.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి అసలు చిక్కు తాళంలో లేదు. మన కచేరీలో తంబురా శ్రుతి మొదటి నుంచి చివరి వరకు కదలదు; ఇక్కడ పాటకు ఆధారమైన బేస్ స్వరమే చోటు మారుతుంది. మొదటి రెండు ఆది తాళాలూ అది షడ్జం మీద నిలుస్తుంది. మూడవ తాళం సమంలో మధ్యమానికి వెళుతుంది, నాలుగవ దాని సమంలో షడ్జానికి తిరిగి వస్తుంది. అయిదవ తాళంలో మొదటి సగం పంచమం, రెండవ సగం మధ్యమం. ఆరవ తాళంలో మళ్లీ ఇంటికి చేరుతుంది. నేను చాలాకాలం ఈ అయిదవ తాళంలోనే తప్పాను, ఎందుకంటే అంతవరకు ఒక తాళానికి ఒకే స్వరం ఉండి, ఇక్కడ మాత్రం సగంలోనే మారిపోతుంది. సాహిత్యం కూడా ఈ చట్రాన్నే అనుసరిస్తుంది: మొదటి పాదం రెండు తాళాలు, అదే పాదం మరొక రెండు తాళాలు, ముగింపు పాదం చివరి రెండు తాళాలు.

ఇది కుదిరాక 1962 నాటి 'స్టార్మీ మండే' వినండి. టీ-బోన్ వాకర్ 1947లో రికార్డు చేసిన పాటను బ్లాండ్ మళ్లీ పాడారు. నడక బాగా నెమ్మది. ఒక్కొక్క దెబ్బ లోపల 'తకిట' అనుకుంటే త్రిశ్ర గతి, అంటే దెబ్బకు మూడు భాగాల నడక, తెలిసిపోతుంది. స్వరాల మార్పులు మునుపటి పాటకంటే ఎక్కువే గాని వాటి జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. పాదం చెప్పి బ్లాండ్ ఊరుకున్న చోట వెయిన్ బెనెట్ గిటార్ ఏమంటున్నదో వినండి. గొంతు పూర్తిగా ఆగిన తరువాతే అది నోరు విప్పుతుంది, మళ్లీ గొంతు వచ్చేలోగా తన మాట ముగించుకుంటుంది. పక్కవాద్యం ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గిటార్ వాయించే బ్లూస్ గాయకుడు బి. బి. కింగ్ విషయం వేరు. పాడుతూ అదే సమయంలో వాయించలేనని ఆయనే చెప్పుకునేవారు. పాదం పాడి, తన ప్రశ్నకు తన గిటార్‌తోనే జవాబిచ్చుకునేవారు. బ్లాండ్‌కు జవాబు ఎప్పుడూ మరొకరి నుంచి రావలసిందే. ఆ అవసరం నుంచే ఆయన రికార్డులలో జో స్కాట్‌కు అంత చోటు దొరికింది. ట్రంపెట్ వాద్యకారుడైన స్కాట్ సమకూర్చిన ఇత్తడి వాద్యాల వరుసలు 1961 నాటి 'ఐ పిటీ ద ఫూల్' పాటలో గుంపుగా లేచి గాయకుణ్ణి నిలదీస్తున్నట్లుంటాయి. ఈ పాటకు తాళం వేయనక్కరలేదు, జవాబులు వింటే చాలు.

వారం రోజుల అభ్యాసం ఇది. మొదటి రెండు రోజులు 'ఫర్దర్ అప్ ద రోడ్'కు ఆది తాళం వేస్తూ, మూడవ, నాలుగవ, అయిదవ సమాల దగ్గర బేస్ స్వరాన్ని నోటితో పట్టుకోండి. తరువాతి మూడు రోజులు 'స్టార్మీ మండే'లో గొంతు ఆగిన ప్రతి చోటా వేలు ఎత్తండి. చివరి రెండు రోజులకు బ్లాండ్, కింగ్ కలిసి వేదిక మీద పాడగా 1974లో వెలువడిన ఆల్బమ్ ఉంచుకోండి. బ్లాండ్ పాదానికి కింగ్ గిటార్ పలికిన చోట్లను కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం దాచండి. బ్లాండ్ గొంతులో హఠాత్తుగా వినిపించే గరగర అరుపు, డెట్రాయిట్ పాస్టర్ సి. ఎల్. ఫ్రాంక్లిన్ ప్రసంగాలు విని ఆయన అలవరచుకున్నది, ఏయే ఆవర్తాలలో పడుతుందో 4వ పాఠంలో దాని పక్కనే రాసుకోవాలి.