పనిలో దెబ్బ తగిలింది, పరిహారం రావడం లేదు: ఎక్కడ ఆగిందో చూసుకోండి

ముందు జీతం స్లిప్ తీసి చూడండి. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత పడుతుంటే డబ్బు ఇవ్వాల్సింది ఈఎస్ఐ. ఈఎస్ఐ వర్తించని పని అయితే యజమానే ఇవ్వాలి. ఇది తేలకపోతే తప్పు ఆఫీసు చుట్టూ తిరగడమే అవుతుంది.

సమస్య: ఈఎస్ఐ ఉంది, ఇంట్లో ఉన్న రోజులకు డబ్బు రాలేదు
చాలాసార్లు కారణం, యజమాని ప్రమాద నివేదిక పంపకపోవడమే. యజమాని అది పంపేలా చూడండి, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ జత చేయండి. రోజు వేతనంలో సుమారు 90 శాతం వస్తుంది. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది.

సమస్య: "ఆసుపత్రి ఖర్చు పెట్టాం కదా, ఇంకేం ఇవ్వాలి?" అంటున్నారు
ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. వైద్యానికి పెట్టింది పరిహారం కిందికి రాదు. ఈఎస్ఐ లేని 30 ఏళ్ల కార్మికుడికి నెలకు 15,000 జీతం అనుకుందాం. మిషన్‌లో పడి చేతి బొటనవేలు మొత్తం పోయింది. చట్టం ప్రకారం లెక్క మొదలయ్యేది జీతంలో 60 శాతంతో, అంటే 9,000. దాన్ని ఆ వయసుకు చట్టం పెట్టిన అంకె 207.98తో గుణిస్తే 18,71,820. చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతం కాబట్టి రావాల్సింది 5,61,546 రూపాయలు. ఏ ఇరవై వేలో చేతిలో పెట్టి, "ఇక ఏమీ అడగను" అని సంతకం పెట్టించుకున్నా ఆ కాగితం చెల్లదు. దయచేసి ఆ భయంతో ఆగిపోకండి.

సమస్య: "నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టర్‌ని అడుగు"
మేస్త్రీ తెచ్చిన కూలీ అయినా, పని యజమాని వ్యాపారంలో భాగమైతే అసలు యజమానినే అడగవచ్చు. హాజరు పుస్తకం ఫొటో, కూలి పడిన ఫోన్‌పే మెసేజ్, పక్కన పనిచేసినవాళ్ల సాక్ష్యం దాచుకోండి. ఆసుపత్రి చీటీలో "పని చేస్తుండగా" అని రాయించండి. "ఇంట్లో జారిపడ్డాడు" అని రాస్తే కేసు అక్కడే బలహీనపడుతుంది.

సమస్య: ఇస్తామంటూనే నెలలు గడుపుతున్నారు
నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా అడగవచ్చు. యజమానికి రాతపూర్వకంగా తెలిపి, జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు పెట్టాలి.