ట్రైనింగ్‌కి ఊరు దాటే ముందు డౌలా (కాన్పు సమయంలో తల్లికి తోడుగా ఉండే మనిషి) చూసుకోవాల్సినవి

ముందు మీరు ఒప్పుకున్న కాన్పులన్నీ క్యాలెండర్‌లో రాయండి. డాక్టర్ చెప్పిన డేట్ ఒక్కటే చూడొద్దు. 38వ వారం నుంచి 42 వరకు ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. ఆ వారాల్లో ఎవరైనా ఉంటే తర్వాతి బ్యాచ్‌కి మారడమే మంచిది. నల్లగొండ నుంచి హైదరాబాద్ 100 కిలోమీటర్లేగా అనిపిస్తుంది, కానీ రెండో కాన్పు అంతసేపు ఆగకపోవచ్చు.

తప్పదంటే:

- మీ బదులు వచ్చే డౌలాను ముందే ఇంటికి తీసుకెళ్లి కాన్పు కావాల్సిన అమ్మాయికీ, వాళ్లమ్మకీ, అత్తమ్మకీ పరిచయం చేయండి. నొప్పుల్లో కొత్త ముఖం చూస్తే పాపం, ఇంకా టెన్షన్ పడతారు.
- మీ బదులు వచ్చే డౌలా ఫీజు సంగతి తేల్చండి.
- ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఎవరి కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని, బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలని కాగితం మీద రాసివ్వండి.
- క్లాసులో ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు.