పాత టీ బాయిలర్‌ను మ్యూజియంలో పెట్టే ముందు ఏం చేయాలి?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాత టీ అంగళ్ల నుంచి స్థానిక మ్యూజియంలకు చేరే ఇత్తడి బాయిలర్లు, టీపొడి డబ్బాలు ప్రదర్శనకు వచ్చేసరికి కొత్తవాటిలా మెరుస్తుంటాయి. ఆ మెరుపు కోసం చరిత్రను తోమి పారేస్తున్నారు.

ముందుగా మెత్తని బ్రష్, చేతి తొడుగులు, కొలత టేపు, కెమెరా సిద్ధం చేసుకోండి. వస్తువును వచ్చిన స్థితిలోనే ఫొటోలు తీసి, కొలతలతో పాటు ఏ అంగడిలో వాడారో నమోదు చేయండి. డబ్బా మీద ధర అణాల్లో ఉంటే అది 1957 నాటి దశాంశ నాణేలకు ముందుదని, తిరుపతి చిరునామా కింద ఉత్తర ఆర్కాడు జిల్లా అని ఉంటే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందుదని అనుకోవచ్చు; అయితే పాత లేబుళ్లను అయిపోయేదాకా వాడే అలవాటు ఉంటుంది కనుక ‘సుమారు’ అని చేర్చడం తప్పనిసరి.

అసలు చిక్కు శుభ్రం చేయడంలోనే ఉంది. పండుగకు బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పు పట్టించకండి. చింతపండులోని ఆమ్లం ఇత్తడిపై ఏళ్ల తరబడి ఏర్పడిన పొరను తినేస్తుంది; అతుకుల్లో, కుళాయి మరల్లో మిగిలిపోయిన ఉప్పు చెమ్మ తగలగానే పచ్చని చిలుము పుట్టిస్తుంది. బాయిలర్ భుజం మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన యజమాని పేరును చూడండి: తోమిన ప్రతిసారీ ఆ చుక్కల లోతు తగ్గి, చివరికి వేలికి కూడా తగలదు. పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, వదులుగా ఉన్న చిలుమును వెదురు పుల్లతో మెల్లగా రాల్చండి, అంతటితో ఆపండి. కొద్ది వారాల్లో అదే చోట చిలుము మళ్లీ కనిపిస్తే సంరక్షణ నిపుణులను పిలవాలి. లోపలి కళాయి (తగరపు పూత) అరిగి ఇత్తడి బయటపడిందని కొత్తగా కళాయి పూయించడం ఘోరం. ఆ అరుగుదలే పొయ్యి మీద ఆ బాయిలర్ ఎంత పనిచేసిందో చెబుతుంది. అడుగున పేరుకున్న సున్నాన్ని కూడా కదిలించకండి.

నమోదు సంఖ్యను అడుగు అంచున, పారలాయిడ్ బి-72 (మ్యూజియంలలో వాడే పారదర్శక యాక్రిలిక్ రెసిన్) పూత మీద నల్ల సిరాతో రాసి, ఆరిన తర్వాత పైన మరో పూత వేయండి. అవసరమైతే ఆ పూతను అసిటోన్‌తో తీసేయవచ్చు. గోళ్ల రంగు చాలు అనేవారు అది పసుపెక్కి పెచ్చులుగా ఊడటం చూడలేదు కాబోలు. జిగురు స్టిక్కర్లు అసలే వద్దు.

ప్రదర్శనలో మసి పట్టిన వైపే సందర్శకులకు కనబడాలి.