కేసు పుస్తకం నుంచి గుడ్డ మీదికి – 3వ పాఠం: అక్షరాలు కుట్టడం

గత పాఠంలో గుడ్డ ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, ఇస్త్రీ చేసి పెట్టుకున్నాం. పాత మానసిక వైద్యశాల రికార్డుల్లోంచి ఒక స్త్రీకి సంబంధించిన పేజీ ఎంచుకుని, రెండు మూడు వాక్యాలు రాసుకోమన్నాను. ఈరోజు వాటిని కుడదాం.

సూదిలో దారం ఎక్కించే ముందు ఒక్క విషయం చూడండి. ఆ వాక్యాలు ఎవరివి? 19వ శతాబ్దపు యూరప్ కేసు పుస్తకాల్లో, అంటే ఒక్కో రోగి గురించి వైద్యశాల రాసి ఉంచిన పుస్తకాల్లో, రాత దాదాపు అంతా డాక్టర్లదే. ఆమె నిద్రపోతోందా, తింటోందా, చెప్పిన పని చేస్తోందా అన్నదే ఎక్కువగా కనిపిస్తుంది. ఆమె మాట దొరకడం అరుదు. దొరికిన చోట్ల కొన్నిసార్లు అది దారంతోనే ఉంది.

ఆగ్నెస్ రిక్టర్ కుట్టుపని చేసి బతికిన మనిషి. జర్మనీలోని హూబెర్టుస్‌బుర్గ్ వైద్యశాలలో ఉన్నప్పుడు, 1895 ప్రాంతంలో, అక్కడి బూడిదరంగు నారబట్టతో తన కొలతకు జాకెట్ కుట్టుకుని, దాని లోపలా బయటా అక్షరాలు కుట్టింది. తొడుక్కుని అరిగిపోవడంతో చాలా మాటలు ఇప్పుడు చదవలేం. ‘నేను’ అన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. హైడెల్‌బర్గ్‌లోని ప్రిన్‌జ్‌హోర్న్ సేకరణలో, అంటే మానసిక వైద్యశాలల్లోని రోగులు చేసిన కళాకృతుల సేకరణలో, ఆ జాకెట్ ఉంది. ఇంగ్లండ్‌లో గ్రేట్ యార్మౌత్ వర్క్‌హౌస్‌లో (దిక్కులేని పేదల్ని ఉంచే చోట) మానసిక రోగుల వార్డులో ఉన్న లోరీనా బుల్వర్ పద్ధతి వేరు. రంగురంగుల గుడ్డ ముక్కలు అతికి, వాటి మీద మీటర్ల పొడవున ఉత్తరాలు కుట్టింది. అన్నీ ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాలే, కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. నొక్కి చెప్పాలనుకున్న మాటల కింద గీత కూడా దారంతోనే.

అందుకే డాక్టర్ మాటనీ, ఆమె మాటనీ ఒకే కుట్టుతో, ఒకే రంగుతో కుట్టొద్దని నా గట్టి అభిప్రాయం. చూసేవాళ్లకు తేడా తెలియాలి.

ముందు డాక్టర్ వాక్యం తీసుకోండి. కాగితం మీద సుమారు 8 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాలతో రాసి, కిటికీ అద్దానికి అంటించి, దాని మీద గుడ్డ పెట్టి నీళ్లకు పోయే పెన్నుతో దిద్దండి. ఆ పెన్ను గీత మీద ఇస్త్రీ పెట్టకండి, వేడికి రంగు ఉండిపోవచ్చు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులే తీసుకోండి. పొడవు 45 సెంటీమీటర్లు చాలు, ఎక్కువైతే చిక్కుపడి నలుగుతుంది. ఒకే రంగు, బ్యాక్ స్టిచ్ (సూది ముందుకు తీసి, వెనక్కి వచ్చి ముందు కుట్టు చివర గుచ్చే కుట్టు), ప్రతి కుట్టూ 2 మిల్లీమీటర్లు. వంపుల దగ్గర ఇంకా చిన్నగా వేయండి, లేకపోతే గుండ్రని అక్షరం కోణాలు తేలుతుంది. ముడి వేయకుండా, దారం కొసను వెనక కుట్ల కిందుగా దూర్చండి.

ఆమె మాట ఫైల్లో ఉంటే దానికి కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్, ఒక్కో కుట్టు ముందు కుట్టు పక్కన ఆనుకుని తాడు పేటలా సాగేది) వాడండి. చేతిరాత వంపులకు అది బాగా లొంగుతుంది. పోస్టు చేయని ఉత్తరాలు ఫైళ్లలో మిగిలిన సందర్భాలున్నాయి. 1909లో హైడెల్‌బర్గ్ క్లినిక్‌లో ఉన్న ఎమ్మా హౌక్ భర్తకు ‘రా’ అనే మాటనే మీద మీద రాసి కాగితం నల్లబడేలా చేసింది. ఆ ఉత్తరాలు ఆయనకు చేరలేదు. ఇలాంటి పేజీ మీ దగ్గరుంటే అక్షరాలు విడదీసి అందంగా సర్దాలని చూడకండి. కుట్టు మీద కుట్టు పడనివ్వండి, గుడ్డ బిగుసుకుపోయినా పరవాలేదు.

ఆమె మాట ఒక్కటీ లేకపోతే? చాలామందికి ఇదే ఎదురవుతుంది. ఆమె ఏం అనుకుని ఉంటుందో ఊహించి, ఆమె గొంతుతో వాక్యం రాసి కుట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. బతికుండగా ఆమె తరఫున అందరూ మాట్లాడారు, ఇప్పుడు మనం కూడా వద్దు. దానికి బదులు, దారం లేని లావు సూదితో ఒక వరుస పొడవునా రంధ్రాలు పొడవండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవి కనిపిస్తాయి. ఉతికితే ఆ రంధ్రాలు పూడుకుంటాయి కాబట్టి పెన్ను గీతలు కడిగి ఆరబెట్టాకే ఇది చేయాలి.

పేర్ల సంగతి. బ్రిటన్‌లో రోగుల రికార్డులను సాధారణంగా 100 ఏళ్లు మూసి ఉంచుతారు. తెరిచిన రికార్డే అయినా ఆమె మనవలు, మునిమనవలు ఉండొచ్చు. పూర్తి పేరు కుట్టే ముందు ఆ రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్ వాళ్లను అడగండి. నేనైతే మొదటి పేరు వరకే కుడతాను. కేసు నంబరును పేరుకు బదులుగా మాత్రం పెట్టను.

వచ్చే పాఠానికి ఒక డాక్టర్ వాక్యం, దాని కింద ఆమె వరుస (ఆమె మాట, లేదా రంధ్రాలు) పూర్తిచేసి ఉంచండి. వెనక వైపు దారాలు కత్తిరించకండి, అస్తరు వేయాలా వద్దా అన్నది ఆ వెనక వైపు చూసే తేల్చుకుందాం.