ఊపిరితిత్తులలో వాయు వినిమయం – మూడవ పాఠం: వాయుగోణిలో ఆక్సిజన్ పీడనాన్ని లెక్కకట్టడం

మిశ్రమ వాయువు మొత్తం పీడనాన్ని అందులో ఒక వాయువుకున్న వంతుతో గుణిస్తే ఆ వాయువు పాక్షిక పీడనం వస్తుందని గత పాఠంలో నేర్చుకున్నాము. సముద్రమట్టం వద్ద గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ వంతు 0.21 కనుక దాని పాక్షిక పీడనం సుమారు 160. ఆ 160 ఊపిరితిత్తుల చివరనుండే చిన్న గాలి సంచిని, అంటే వాయుగోణిని, చేరేసరికి ఎంతకు తగ్గుతుందో ఇప్పుడు లెక్కకడదాము. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

పీల్చిన గాలి వాయునాళం దాటేలోపే నీటి ఆవిరితో నిండిపోతుంది. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ ఆవిరి పీడనం 47. బయటి పీడనం ఎంత ఉన్నా ఇది మారదు. 760 నుంచి 47 తీసివేసి, మిగిలిన 713ను 0.21తో గుణించండి: సుమారు 150. ఇక వాయుగోణిలో ఆక్సిజన్ నిరంతరం రక్తంలోకి పోతూ ఉంటుంది, కార్బన్ డై ఆక్సైడ్ వచ్చి చేరుతూ ఉంటుంది. శరీరం పది అణువుల ఆక్సిజన్ తీసుకుంటే దాదాపు ఎనిమిది అణువుల కార్బన్ డై ఆక్సైడ్‌ను విడిచిపెడుతుంది కనుక, వాయుగోణిలోని కార్బన్ డై ఆక్సైడ్ పీడనమైన 40ని 0.8తో భాగించి, వచ్చిన 50ని 150 నుంచి తీసివేయాలి. మిగిలేది 100.

గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని తెచ్చే రక్తంలో ఆక్సిజన్ పీడనం సుమారు 40. ఈ 60 తేడాయే ఆక్సిజన్‌ను రక్తంలోకి నడిపిస్తుంది. దానిని లాగే కణం గానీ, నెట్టే పంపు గానీ అక్కడ ఏదీ లేదు. ఊపిరితిత్తులే ఆక్సిజన్‌ను స్రవిస్తాయని డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ నమ్మేవాడు. విసరణ, అంటే పీడనం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి వాయువు తనంతట తానే వ్యాపించడం, ఒక్కటే చాలునని 1910లో ఆయన శిష్యుడు ఆగస్ట్ క్రోగ్, భార్య మేరీతో కలిసి ప్రయోగపూర్వకంగా చూపించాడు. గురువును కాదనడం వారికి అంత తేలికగా ఉండి ఉండదు.

1855లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రం ప్రకారం విసరణ వేగం వైశాల్యం, పీడనాల తేడా పెరిగే కొద్దీ పెరుగుతుంది, పొర మందం పెరిగితే తగ్గుతుంది. మన వాయుగోణుల మొత్తం వైశాల్యం సుమారు 70 చదరపు మీటర్లు, గాలికీ రక్తానికీ మధ్యనున్న పొర మందం చాలాచోట్ల అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండు వేలవ వంతు) లోపే. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం వాయుగోణి పక్కనున్న రక్తకేశనాళికలో దాదాపు 0.75 సెకను ఉంటుంది, కానీ పీడనాలు సమం కావడానికి అందులో మూడో వంతు సమయమే సరిపోతుంది. మిగిలినది నిల్వ అన్నమాట. పొర మందమెక్కే ఫైబ్రోసిస్ వ్యాధిలో ఈ నిల్వ కరిగిపోతుంది; అందుకే తొలి దశలో కూర్చున్నప్పుడు బాగానే ఉన్న రోగికి మెట్లెక్కగానే, అంటే రక్తం వేగంగా పరుగెత్తి ఆ వ్యవధి తగ్గగానే, ఆయాసం వస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్‌కు ఈ ఇబ్బంది తక్కువ. దాని పీడనాల తేడా కేవలం 5 లేక 6 అయినా, నీటిలో బాగా కరిగే గుణం వల్ల అది ఆక్సిజన్ కంటే దాదాపు ఇరవై రెట్లు సులభంగా పొరను దాటుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను ఎవరెస్ట్ శిఖరం మీద వేసి చూడండి. 1981లో అమెరికన్ వైద్య పరిశోధక బృందం అక్కడ కొలిచిన గాలి పీడనం 253. ఆక్సిజన్ వంతు అక్కడా 0.21 మాత్రమే, కాబట్టి 253 నుంచి 47 తీసి గుణిస్తే 43 వస్తుంది. అందులోనుంచి మామూలుగా 50 తీయబోతే లెక్క సున్నా కంటే కిందికి పోతుంది. కార్బన్ డై ఆక్సైడ్ 40 దగ్గరే ఉంటే అక్కడ మనిషి బతకడం సాధ్యం కాదు. శిఖరం మీద పర్వతారోహకుడు విపరీతమైన వేగంతో శ్వాసించి దానిని 7.5కు దించుకున్నాడు, 7.5ను 0.8తో భాగిస్తే 9 చిల్లర, మిగిలిన ఆక్సిజన్ పీడనం 34.

అభ్యాసం: హైదరాబాదులో గాలి పీడనం 712 అనుకొని, కార్బన్ డై ఆక్సైడ్ 40 గా తీసుకొని వాయుగోణిలోని ఆక్సిజన్ పీడనం కట్టండి. జవాబు 90కి దగ్గరగా రావాలి. 99 చిల్లర వస్తే నీటి ఆవిరిని తీసివేయడం మరిచారన్నమాట.