పెంపుడు కుక్కకు మందులకు లొంగని చర్మవ్యాధి వస్తే ఇంట్లో ఏం చేయాలి?

కుక్క పొట్ట మీద, తొడల లోపలి వైపున చీము పొక్కులు లేచి, అవి చితికిన చోట అంచున పొట్టు రేగిన గుండ్రటి మచ్చలు మిగిలాయంటే, అది చాలావరకు బ్యాక్టీరియా వల్ల వచ్చిన చర్మవ్యాధి అయి ఉంటుంది. దీనికి ముఖ్య కారణమైన స్టెఫిలోకోకస్ సూడింటర్మీడియస్ ఆరోగ్యంగా ఉన్న కుక్కల చర్మం మీద, ముక్కులో, నోట్లో మామూలుగానే ఉంటుంది. చర్మం దెబ్బతిన్నప్పుడు అదను చూసుకొని పెరుగుతుంది. దీని జ్ఞాతి స్టెఫిలోకోకస్ ఆరియస్ సుమారు ముగ్గురు మనుషుల్లో ఒకరి ముక్కులో ఉంటుంది. ఈ రెండింటిలోనూ మెక్-ఏ అనే జన్యువును సంపాదించుకున్న రకాలు పెనిసిలిన్, సెఫలెక్సిన్ కుటుంబాల మందులకు దాదాపుగా లొంగవు. కుక్కలో ఆరియస్ రకం కనిపించినప్పుడు అది ఎక్కువగా ఇంట్లోని మనిషి నుంచే దానికి సోకి ఉంటుంది కనుక, నేరం కుక్క మీద వేసి దాన్ని ఇంట్లోంచి పంపేయడం అన్యాయమే కాదు, అనవసరం కూడా.

మొదట చేయవలసింది పరీక్ష. తొలిసారి వచ్చిన కొద్దిపాటి పొక్కులకు ఇది అక్కర్లేకపోవచ్చు. కానీ మందు వాడినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా, మరో యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష (పుండులోని బ్యాక్టీరియాను పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసేది) చేయించమని పశువైద్యుణ్ణి అడగండి. అంతకుముందు వాడిన మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆ నివేదికలో ఒక్కో మందు ఎదురుగా ఎస్, ఐ, ఆర్ అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఎస్ అంటే మందు పని చేస్తుందని, ఆర్ అంటే బ్యాక్టీరియా దానికి లొంగదని, ఐ అంటే ఆ రెండింటికీ మధ్యస్థమని అర్థం. పక్కన అంకెలు (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి ఎంత మందు కావాలో తెలిపేవి) కూడా ఉంటే, వాటిలో చిన్న అంకె ఉన్నదే గొప్ప మందు అనుకోవద్దు. ఒక మందు అంకెను మరో మందు అంకెతో పోల్చకూడదు. ఆ ఎంపిక వైద్యుడికే వదిలిపెట్టాలి.

వ్యాధి చర్మం పైపొరకే పరిమితమైతే మాత్రలు లేకుండానే నయం కావచ్చు. యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియాను కూడా క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశిని ఉన్న షాంపూ చంపగలదు, అయితే చాలామంది తొందరపడి ఆ అవకాశాన్ని పాడుచేసుకుంటారు. నురుగు పట్టించిన తర్వాత కనీసం పది నిమిషాలు అలాగే ఉంచి, కళ్లలోకి పోకుండా చూసుకొని, ఆ తర్వాతే కడగాలి. రెండు నిమిషాల్లో నీళ్లు పోసేస్తే మిగిలేది సువాసన మాత్రమే. పిడుదులు, గజ్జి పురుగులు, అలర్జీ, థైరాయిడ్ లోపం వంటి అసలు కారణాన్ని కూడా వెతికి సరిచేయకపోతే, ఎంత మంచి మందు వాడినా పొక్కులు తిరిగి వస్తాయి.

ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది చేతులు కడుక్కోవడం. కుక్కను, దాని గిన్నెను, పరుపును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. పుండ్లకు మందు రాసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి. నయమయ్యేదాకా కుక్కను మంచం మీదికి రానివ్వకూడదు, మన ముఖాన్ని, గాయాలను నాకనివ్వకూడదు. దాని దుప్పట్లను వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయాలి. పచ్చి మాంసం పెట్టడం మానాలి, ఎందుకంటే మందులకు లొంగని ఈ-కోలై, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా దాని ద్వారా ఇంట్లోకి రాగలవు.

ఇంట్లో మధుమేహులు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, పసిపిల్లలు, త్వరలో శస్త్రచికిత్స ఉన్నవారు ఉంటే, కుక్కకు వచ్చిన వ్యాధి సంగతి వారి వైద్యుడికి ముందే చెప్పాలి. మనుషులకు సెగగడ్డలు పదేపదే వస్తున్నా అంతే, ఆ విషయం పశువైద్యుడికీ తెలియాలి. ఏ లక్షణాలూ లేని కుక్కకు ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్ వేయించవద్దు. అమెరికాలో 2016 నుంచి 2018 వరకు పెంపుడు జంతువుల దుకాణాల్లోని కుక్కపిల్లల నుంచి, అనేక మందులకు లొంగని క్యాంపిలోబ్యాక్టర్ అనే విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా వందమందికి పైగా సోకింది. అక్కడ పరిశీలించిన కుక్కపిల్లల్లో నూటికి 95కు అప్పటికే యాంటీబయాటిక్ వేశారు, వాటిలో చాలావాటికి అసలు జబ్బే లేదు.

మన దగ్గర మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకునే అలవాటు ఇంకా పోలేదు. చాలా యాంటీబయాటిక్‌లను 2014 నుంచే షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితాలో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినవాటిని రిజిస్టరులో రాయాలని నిబంధన పెట్టారు. మనకోసం కొని మిగిల్చిన మాత్రలను కుక్కకు గానీ, పిల్లికి గానీ అంచనా మీద వేయకండి. యాంటీబయాటిక్ సంగతి అటుంచితే, ఒక్క పారాసిటమాల్ మాత్రకే పిల్లి ప్రాణం పోవచ్చు.

పుండ్లు ఇంకా మానని కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ముందుగా ఫోన్ చేసి సంగతి చెప్పండి. అలా చెబితే ఇతర జంతువులు కూర్చునే చోట ఆపకుండా దాన్ని నేరుగా పరీక్ష గదిలోకి తీసుకెళ్లి, తర్వాత ఆ బల్లను శుభ్రం చేసుకునే వీలు వారికి ఉంటుంది.