టర్బో మార్చే ముందు ఈ లెక్క చూడండి

పికప్ తగ్గిందనగానే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే భాగం) పోయిందని తేల్చేస్తుంటారు. నా షెడ్డుకు అలా వచ్చే డీజిల్ బండ్లలో కొన్నిటికి హోస్ క్లిప్ బిగిస్తే సరిపోతుంది. అందుకే టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం ఎంతుందో, ఇంజిన్‌కు గాలి ఎంత వెళుతోందో ముందు కొలుస్తాను.

ముందు కంప్రెసర్ సామర్థ్యం. బండి సెన్సర్ల రీడింగులు చూపే స్కానర్‌లో కనబడే ఇన్‌టేక్ టెంపరేచర్‌తో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడితో) లెక్క కడితే అది మూడు నాలుగు వందల శాతం వచ్చేస్తుంది! చాలా బండ్లలో ఆ సెన్సర్ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) తర్వాత ఉంటుంది, గాలి అప్పటికే చల్లారిపోతుంది. మనకు కావలసింది కంప్రెసర్ దాటగానే ఉండే వేడి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే మెటల్ పైపుకు చిన్న రంధ్రం వేసి, కె-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) మొన గాలి మధ్యకు వచ్చేలా బిగించండి. పైపు విప్పి బయట పెట్టే డ్రిల్ చేయాలి. లేకపోతే రజను ఇంజిన్లోకి పోతుంది. పైపు మీద చుట్టి కొలిస్తే వేడి తక్కువ చూపిస్తుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక, పొడవాటి ఎత్తు మీద ఒకే గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి రీడింగులు రికార్డు చేయండి. స్కానర్ పక్క సీటులోని మనిషి చేతిలోనే ఉండాలి.

హైదరాబాద్‌లో వాయుపీడనం సుమారు 95 కిలోపాస్కల్స్. స్కానర్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం) 190 అనుకోండి (ఇది మొత్తం పీడనం, బూస్ట్ గేజ్ చూపే అదనపు పీడనం కాదు). 190ని 95తో భాగిస్తే నిష్పత్తి 2. దాని 0.286 ఘాతం 1.219. అందులోంచి ఒకటి తీసేయండి. టర్బోలోకి వెళ్లే గాలి 35 డిగ్రీలు, అంటే 308 కెల్విన్; దానితో గుణిస్తే 67.5. నష్టమే లేని కంప్రెసరైతే గాలి అన్ని డిగ్రీలే వేడెక్కాలి. థర్మోకపుల్ 131 చూపిస్తే నిజంగా పెరిగింది 96. 67.5ని 96తో భాగిస్తే 70 శాతం. అలాంటి టర్బోను నేను ముట్టుకోను. అదే 55 దగ్గర ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత కంప్రెసర్ వీల్ రెక్కలు చూస్తాను.

ఇక గాలి ప్రవాహం. స్కానర్ చూపే ఇన్‌టేక్ టెంపరేచర్ ఇక్కడ పనికొస్తుంది. 1.5 లీటర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 30 లీటర్ల గాలి పీల్చాలి (రెండు చుట్లకు ఒకసారే పీలుస్తుంది కాబట్టి). 190 కిలోపాస్కల్స్, 50 డిగ్రీల దగ్గర లీటరు గాలి బరువు 2.05 గ్రాములు. మొత్తం సెకనుకు 61.5 గ్రాములు. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ 55 గ్రాములు చూపిస్తే సరే, సిలిండర్లు పూర్తిగా నిండవు. 70 చూపిస్తే మాత్రం సెన్సర్ లెక్కపెట్టిన గాలి దారిలో ఎక్కడో పోతోంది. బాగా తక్కువైతే ఈజీఆర్ వాల్వ్ (పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మూసుకుంటోందా, సెన్సర్‌కు మురికి పట్టిందా చూడండి.

లీకు అనిపిస్తే టర్బో మూతి మూసి, రెగ్యులేటర్‌తో 1 బార్ లోపు గాలి పట్టి, ఇంటర్‌కూలర్ రెండు వైపులా క్లిప్పుల కింద సబ్బునీళ్లు కొట్టండి.